మూడో రోజు కత్తెర

ఇల్లు, ముందు గది
మార్చి 3, సోమవారం, ఉదయం 7.10

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈ రోజే ఎందుకు రాస్తున్నానంటే, కుంకుడు కడుపుతో ఉండి ఈ రోజుకి నలభై రెండు రోజులు. ఇంకో ఇరవై ఒక్క రోజులకి, అంటే ఇరవై నాలుగో తేదీన, ఈనుతుంది. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. రెండు రోజులు తేడా వచ్చిన కుక్క నా దగ్గర ఇంతవరకూ లేదు. చేత్తో తడిమితే ఆరు పిల్లలు తెలుస్తున్నాయి. పక్కటెముకల కింద ఏడోది ఉందని అనుమానం. నీలాగే, పిలిస్తే పలకదు.

రెండో సంగతి. పెద్ద డాక్టరు గారు ఆసుపత్రి మూసేశారు. చేతులు వణుకుతున్నాయట. నా దగ్గర పుట్టిన పిల్లల తోకలు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయనే కత్తిరించారు. పోయిన వారం వచ్చి తన కత్తెర గుడ్డలో చుట్టి నా బల్ల మీద పెట్టారు. "మనవరాలు డాక్టరైందిగా, ఇంక నాతో ఏం పని" అని టీ తాగి వెళ్ళిపోయారు. కాబట్టి ఇరవై ఆరో తేదీ బుధవారం పొద్దున పది గంటలకి నువ్వు ఇక్కడ ఉండాలి. పుట్టిన రోజుతో కలిపి అది మూడో రోజు. రెండు గంటల దారి. ఎనిమిది గంటల బస్సు ఎక్కితే సరిపోతుంది. ఏడున్నర బస్సు ఎక్కితే ఇంకా మంచిది, నీ సంగతి నాకు తెలుసు కనుక.

మూడో సంగతి. కుక్కల తోకలు కత్తిరించడం మాన్పించాలని జిల్లా కమిటీ ఆలోచిస్తోందని నువ్వూ వినే ఉంటావు. పొదల్లో పనిచేసే కుక్కలకి మినహాయింపు ఇవ్వాలా వద్దా అని ఏప్రిల్ 4న విచారణ. కుక్కల సంఘం కార్యదర్శి నిన్న ఇంటికొచ్చాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. ఇప్పటికీ నా ముందు కుర్చీ అంచున కూర్చుంటాడు. "టీచరు గారూ, మన తరఫున మీరే మాట్లాడాలి. మీ రిజిస్టరు బల్ల మీద పెడితే ఇంక ఎవరూ నోరెత్తరు" అన్నాడు. అరవై ఒక్క ఈతలు. మూడో రోజుకి బతికున్న పిల్లలు నాలుగు వందల రెండు. ప్రతి పిల్లకీ మొదటి పది రోజులు పొద్దునా సాయంత్రమూ తూకం. ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గర ఉంది ఇలాంటిది?

జీడి సంగతి నీకు గుర్తుందో లేదో. నువ్వు పుట్టక ముందుది. ఆ ఏడు పెద్ద డాక్టరు గారు కాలు విరగ్గొట్టుకుని మంచాన పడితే రెండు ఈతల పిల్లలకి తోకలు మిగిలిపోయాయి. అందులోదే జీడి. నాలుగో ఏట, అడవి కాపలా వాళ్ళతో గాయపడ్డ జంతువుని వెతుకుతూ ముళ్ళల్లో దూరి తోక చీల్చుకుంది. ఊపినప్పుడల్లా రక్తం గోడల మీద చిందేది. కట్టు నిలవదు. చివరికి మత్తిచ్చి మొత్తం తీసేశారు. నాలుగేళ్ళ కుక్క పదకొండు రోజులు మూలిగింది. మూడో రోజు పిల్లకి అయితే ఒక్క క్షణం.

ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "సరే సరే" అంటావు. తర్వాత "నేనెప్పుడన్నాను" అంటావు. కాగితం మీద అది కుదరదు. ఏ బస్సుకి వస్తావో రాయి.

అమ్మమ్మ


పశువుల ఆసుపత్రి, మేడమీది గది
మార్చి 7, శుక్రవారం

అమ్మమ్మా,

ఏడున్నర బస్సుకే వస్తాను. కానీ ఇరవై ఆరున కాదు, ఇరవై మూడున. కుంకుడు ఈనేటప్పుడు పక్కన ఉంటాను, ఏడోది పలక్కపోతే చెవి పట్టుకుని బయటికి లాగుతాను. దానికి నా చదువు పనికొస్తుంది. తోకలకి మాత్రం నన్ను పిలవకు. నేను చెయ్యను.

కోపం తెచ్చుకోకుండా చదువు, కనీసం కళ్ళద్దాలు తీసి బల్ల మీద కొట్టకుండా చదువు. మూడో రోజు పిల్లకి నొప్పి తెలియదని పెద్ద డాక్టరు గారు చెప్పేవారు. ఆయన చదువుకున్న రోజుల్లో అలాగే చెప్పేవారు. దానికి కళ్ళు తెరుచుకోవు, చెవులు వినిపించవు, అంతే. తోకలో ఎముక ఉంది, నరం ఉంది. నొప్పి లేకపోతే కత్తెర పడగానే ఎందుకు అరుస్తుంది? మత్తు ఇవ్వడానికి దాని ఒళ్ళు చాలదు. అంటే మనం మత్తు లేకుండా ఎముక కోస్తున్నాం. పెద్ద కుక్కకి అలా చేస్తే నువ్వే నన్ను గడప తొక్కనివ్వవు.

జీడి కథ నాకు తెలుసు. నువ్వు వంద సార్లు చెప్పావు. అలాంటివి జరుగుతాయి. కానీ ఒక జీడి కోసం ఎన్ని తోకలు తీయాలి? యాభయ్యా? మూడు వందలా? ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ లెక్క రాయరు. నువ్వు తప్ప.

ప్రదర్శనలకి వెళ్ళే కుక్కల సంగతైతే అసలు మాట్లాడక్కర్లేదు. తివాచీ మీద నడిచే కుక్కకి ముళ్ళెక్కడివి? కార్యదర్శి గారి కుక్క ఎక్కిన అన్నిటికన్నా ఎత్తైన చోటు ఆయన సోఫా.

నిన్న ఒకాయన బుట్టలో తొమ్మిది పిల్లల్ని తెచ్చాడు, పదో రోజువి. "తోకలు తీసేయ్ తల్లీ, పక్క ఊళ్ళో సగం పని చేసి వదిలేశాడు" అన్నాడు. నాలుగింటికి తోకకి రబ్బరు చుట్టి ఉంది. కింద తోకలు నల్లబడ్డాయి. ఆ నాలుగూ నా తూకం బల్ల మీద పడుకుని ఉండగా నీ ఉత్తరం వచ్చింది.

ఒక్క పని చేసిపెట్టు. నీ రిజిస్టరులో మూడో రోజు నుంచి పదో రోజు లోపల పోయిన పిల్లల వరసలు రాసి పంపగలవా? కారణం గడి కూడా. నాకు కావాలి.

నీ పిడుగు


ఇల్లు, ముందు గది
మార్చి 11, మంగళవారం, సాయంత్రం 4.00

డాక్టరు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నిన్న అందింది. అందిన గంటకే కార్యదర్శి విచారణలో మాట్లాడేవాళ్ళ జాబితా తెచ్చాడు. మా వైపు మొదటి పేరు నాది. అవతలి వైపు రెండో పేరు మీది.

"టీచరు గారూ, ఇది మన పిల్లే కదా?" అన్నాడు.

"అదే ఇంటిపేరు గల ఇంకెవరైనా కావచ్చు" అన్నాను. నా జన్మలో కార్యదర్శికి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. వాడు నమ్మలేదు. నమ్మనట్టు కనబడకుండా టీ తాగాడు.

మీ ఉత్తరంలో బస్సు ఉంది, సోఫా ఉంది, తివాచీ ఉంది. ఏప్రిల్ 4న నాకు ఎదురుగా కూర్చుంటున్నారన్న ముక్క లేదు. వరసలు రాసి పంపమన్నారు, ఎందుకో చెప్పలేదు. నా పుస్తకంతో నన్నే కొట్టాలనుకున్నవాళ్ళు కనీసం పుస్తకం ఇవ్వండి అని సూటిగా అడగాలి.

మీరు అడిగినదానికి జవాబు. నాలుగు వందల రెండు పిల్లల్లో తోక కత్తిరించడం వల్ల పోయినవి: సున్నా. పేజీ పేజీ తిప్పి చూసి రాస్తున్నాను. వరసలు పంపను. ఏప్రిల్ 4న బల్ల మీద ఉంటాయి, కావాలంటే అందరితో పాటు లేచి వచ్చి చూడండి.

ముళ్ళల్లో పనిచేసే కుక్కని మీరు ఎన్నిసార్లు వెంబడించారు? నేను పదిహేనేళ్ళు వెంబడించాను. చీర కొంగు పోయింది, మోకాలు పోయింది. మీకు తెలిసిన కుక్కలు బల్ల మీదికి వస్తాయి. నాకు తెలిసినవి పొదలోకి వెళ్తాయి.

ఇరవై మూడున రానక్కర్లేదు. నేను అరవై ఒక్క ఈతలు చూశాను, అరవై రెండోదీ చూస్తాను. ఇరవై ఆరున తోకలు నేనే కత్తిరిస్తాను. నిబంధన ఇంకా రాలేదు, కాబట్టి తప్పు కాదు. కత్తెర ఉంది. చెయ్యి వణకదు. కార్యదర్శి వచ్చి పిల్లల్ని పట్టుకుంటానన్నాడు. వాడికి రెండు పిల్లలు ప్రదర్శనకి కావాలి.

ఇట్లు,
మీ అమ్మ గారి అమ్మ


పశువుల ఆసుపత్రి, మేడమీది గది
మార్చి 15, శనివారం

అమ్మమ్మ గారికి,

నేను చెప్పకపోవడం తప్పే. మీ దగ్గర దాచాను. చెబితే మీరు రిజిస్టరు మూసేస్తారని భయపడ్డాను, చివరికి మూయించాను కూడా. క్షమించమని అడగను, ఎందుకంటే ఇప్పుడు రాయబోయేది చదివాక ఎలాగూ క్షమించరు.

నాకు పదేళ్ళప్పుడు వేసవి సెలవులకి మీ దగ్గరికి వచ్చాను. వెనక షెడ్డులో ఆరు పిల్లలు. మెడకి రంగు దారాలు కట్టేపని నాకు ఇచ్చారు. ఆకుపచ్చ దారం పిల్లకి ముందు కాలు ఒకటి తెల్లగా ఉండేది. మూడో రోజు పెద్ద డాక్టరు గారు వచ్చారు. అయిదు పిల్లలు అరిచి ఊరుకున్నాయి. ఆకుపచ్చది ఊరుకోలేదు. మర్నాటికి పాలు తాగడం తగ్గించింది. అయిదో రోజు తోక మొండి వాచింది, దగ్గరికి వెళ్తే వాసన. ఆరో రోజు నేను తువ్వాల్లో చుట్టి నా మంచం కింద దాచాను, ఎవరూ చూడకపోతే తగ్గిపోతుందనుకుని. మీరు వెతికి తీసుకెళ్ళారు. ఏడో రోజు పొద్దున బుట్టలో అయిదే ఉన్నాయి.

"ఏమైంది" అని అడిగాను. "తల్లి దాని మీద పడుకుంది, నలిగిపోయింది. కుక్కలు చూసుకోవు" అన్నారు. నా తల దువ్వి జడ వేశారు. నేను నమ్మాను. చాలా ఏళ్ళు ఆ తల్లి కుక్కని నేను ముట్టుకోలేదు. అది వచ్చి ఒళ్ళో తల పెడితే తోసేసేదాన్ని. ఏ పాపం చెయ్యని కుక్క.

కాలేజీలో మూడో ఏడు, పాఠం మధ్యలో ఒక బొమ్మ చూపించారు. చీము పట్టిన తోక మొండి. లేచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ పేజీ తీసి కారణం గడి చూడండి. "తోక" అని రాసి ఉంటే ఏప్రిల్ 4న అందరి ముందూ మీ కాళ్ళకి దణ్ణం పెట్టి నా మాట వెనక్కి తీసుకుంటాను. "తల్లి నలిపింది" అని ఉంటే, ఆ ఒక్క వరస గురించి నేను లేచి ప్రశ్న అడుగుతాను. మీకు ముందుగా చెప్పకుండా అడగడం చేతకాక ఇది రాస్తున్నాను.

మీ మనవరాలు


ఇల్లు
మార్చి 19, బుధవారం

ఉత్తరం అందింది. చదివాను.

కుంకుడు ఉదయం ఒళ్ళు వేడి 101.4. తిండి సగం వదిలేసింది. మూలన గోనె గీకుతోంది.

అది ముప్ఫై నాలుగో పేజీ.

అమ్మమ్మ


పశువుల ఆసుపత్రి, మేడమీది గది
మార్చి 21, శుక్రవారం

అమ్మమ్మా,

మూడు ముక్కలు రాశావు, మూడూ పది సార్లు చదివాను. పేజీ నంబరు చెప్పావు, పేజీలో ఏముందో చెప్పలేదు. పోనీ.

ముందు కుంకుడు సంగతి. ఒళ్ళు వేడి 99 కిందికి దిగితే ఆ రోజే ఈనుతుంది. గట్టిగా నొప్పులు పడుతూ అరగంట దాటినా పిల్ల రాకపోతే ఆలోచించకు, నాకు ఫోను చెయ్యి. పంతం తర్వాత. నీ పంతం ఎక్కడికీ పోదు, నాది కూడా పోదు, నీ దగ్గర నుంచి వచ్చిందే కదా.

ఇంకోటి. నిన్ను ఒక వరస గురించి నిలదీశాను, నా వరస చెప్పలేదు. నా మొదటి ఉద్యోగం, ఈ ఆసుపత్రి కాదు, దానికి ముందుది. చేరిన రెండో నెల. అక్కడి పెద్దాయన సెలవులో ఉన్నారు. ప్రదర్శన కుక్కల యజమాని ఎనిమిది పిల్లల్ని తెచ్చాడు. "ఇక్కడ ఎప్పుడూ చేస్తారమ్మా" అన్నాడు. కొత్త ఉద్యోగం, కాదంటే ఏమవుతుందో అని భయం. ఎనిమిదీ నేనే కత్తిరించాను. పావుగంట పట్టింది. ఒక్కటీ చావలేదు. బాగా చేశావని పెద్దాయన మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విని సంతోషపడ్డాను కూడా. ఇంటికెళ్ళి అన్నం తిని నిద్రపోయాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. విచారణలో చెప్పాలని కూడా అనుకోలేదు. నేను ఆ బల్లకి అవతల శుభ్రమైన చేతులతో కూర్చోబోతున్నానని నువ్వు అనుకోకూడదని రాశాను.

కానీ ప్రశ్న మాత్రం అడుగుతాను అమ్మమ్మా. నువ్వైనా అడిగేదానివి.

పిడుగు


ఇల్లు, వెనక షెడ్డు
మార్చి 27, గురువారం, మధ్యాహ్నం 2.30

పిడుగూ,

ఈ రోజు రాయడానికి కారణం నిన్న మూడో రోజు. ఏం జరిగిందో ఇంకొకరి నోట నువ్వు వినకూడదు.

కుంకుడు ఇరవై నాలుగున తెల్లవారి అయిదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించింది. ఏడు. నాలుగు ఆడ, మూడు మగ. ఏడోది నిజంగానే దాక్కుంది, ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం. ఫోను చేయడానికి లేచాను, అంతలో వచ్చింది.

నిన్న పొద్దున తొమ్మిదిన్నరకి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాను. మరిగించిన నీళ్ళు, అయోడిను, దూది, కత్తెర. కార్యదర్శి చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. నా పద్ధతి నీకు తెలుసు. ముందు రాత, తర్వాత పని. ప్రతి పిల్లకీ "తోక: మూడో రోజు" అని ముందే రాసి, అప్పుడే కత్తెర పట్టుకుంటాను. అరవై ఒక్క ఈతలకీ అంతే. నిన్న రాయడానికి కూర్చుని, ఒకసారి చూద్దామని ముప్ఫై నాలుగో పేజీ తిప్పాను. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ పేజీ నంబరు చెప్పగలిగాను గానీ తెరవలేదు.

ఆకుపచ్చ దారం. కారణం: తల్లి నలిపింది. పక్కనే పొద్దుటి తూకాలు. నాలుగు వందల పది. నాలుగు వందల అయిదు. మూడు వందల ఎనభై. మూడు వందల యాభై. మూడు వందల ఇరవై రెండు.

నలిగిన పిల్ల నాలుగు రోజుల ముందు నుంచి చిక్కిపోదే. పొట్ట నిండా తాగి, బరువుగా ఉండి, పక్క దొర్లలేక నలుగుతుంది. ఈ సంగతి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తెలుసు. తెలిసీ ఒక్కసారైనా కారణం గడినీ తూకం గడినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"టీచరు గారూ, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అన్నాడు కార్యదర్శి.

"చల్లారనీ. కూర్చో" అన్నాను.

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. వాడిని పక్కన కూర్చోబెట్టి అంకెలు చదివించాను. రెండు గంటలు పట్టింది. నీకు సున్నా అని రాశానే, ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెబుతాను. మన రిజిస్టరు సంఘం అచ్చువేసి ఇచ్చింది. కారణం కింద నాలుగే గడులు: పుట్టగానే, తల్లి నలిపింది, జబ్బు, ఇతరం. తోక అనే గడి లేదు. లేని గడిలో ఎవరు రాస్తారు? నేను ఉన్న గడుల్లో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాను. ఏదీ సరిపోకపోతే "తల్లి నలిపింది"లో పెట్టాను, కుక్క వచ్చి కాదనదు కనుక. ఇన్నేళ్ళ తర్వాత నువ్వు అడిగితే పేజీలన్నీ తిప్పి, కారణం కింద ఎక్కడా "తోక" కనబడలేదు కాబట్టి సున్నా అన్నాను. నా దగ్గర చదువుకున్న పిల్ల ఎవరైనా ఇలాంటి లెక్క చేసుంటే బెంచీ ఎక్కించేదాన్ని.

అసలు లెక్క ఇది. తోకలు కత్తిరించినవి మూడు వందల ఎనభై తొమ్మిది. వాటిలో మూడు నుంచి పదో రోజు లోపల పోయినవి ఇరవై తొమ్మిది. అందులో "జబ్బు" ఏడు, "తల్లి నలిపింది" ఇరవై రెండు. ఈ ఇరవై రెండులో, పోయే ముందు రెండు రోజులో అంతకన్నా ఎక్కువో తూకం తగ్గుతూ వచ్చినవి పదిహేడు. కత్తిరించనివి పదమూడు. అందులో పోయింది ఒకటి, ముందు రోజు సాయంత్రం దాకా బరువు పెరుగుతూనే ఉంది. అది నిజంగా నలిగిందే. పదమూడు చాలా తక్కువ, దాన్నుంచి పెద్ద మాట అనలేం.

పదిహేడూ తోక వల్లే పోయాయని నేను చెప్పలేను. వాటిలో కొన్నింటికి పాలు చాలకపోయి ఉండొచ్చు. కావని కూడా చెప్పలేను. సున్నా అని మాత్రం చెప్పలేను.

ముప్ఫై నాలుగో పేజీ సంగతి వేరు. అది పొరపాటు కాదు. వాసన నాకూ తెలిసింది. మంచం కింద నుంచి తీసింది నేనే కదా, చేతులు మూడు సార్లు కడుక్కున్నాను. నువ్వు బల్ల పక్కన నిలబడి చూస్తున్నావని, చిన్నపిల్ల మనసు కష్టపెట్టుకుంటుందని అలా రాశానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. నిన్న వరస చివర రాసిన తేదీ చూశాను. నేను ఏ రోజు రాస్తే ఆ రోజు తేదీ వేస్తాను. అది మీ అమ్మ వచ్చి నిన్ను తీసుకెళ్ళిన రెండు రోజులకి రాసింది. అప్పటికి ఇంట్లో చిన్నపిల్ల లేదు. నేనూ పుస్తకమూ ఉన్నాం, అంతే.

కార్యదర్శి అంకెలు చదవడం ఆపేశాడు.

"టీచరు గారూ, ఆ రోజు రిజిస్టరు ఇంట్లో పెట్టి రండి. నోటితో చెప్పండి, చాలు. మీరు చెబితే నమ్ముతారు."

"నేను ఎప్పుడైనా నోటి లెక్క చెప్పానా? నిన్ను చెప్పనిచ్చానా?"

"ఇది బళ్ళో లెక్క కాదు. మీరు ఇది చదివితే మినహాయింపు పోతుంది. తోకతో ఉన్న పిల్లని నేను ప్రదర్శన బరిలోకి తీసుకెళ్తే జడ్జీలు నవ్వుతారు."

"ఎనిమిదో తరగతిలో నీ భాగహారం చూసి క్లాసంతా నవ్వింది. చచ్చిపోయావా?"

"ముళ్ళల్లో తిరిగే వాటి సంగతో మరి? జీడికి జరిగింది మీ కళ్ళారా చూశారు. రేపు ఇంకో కుక్క తోక చీల్చుకుంటే అడవి కాపలా వాళ్ళు మీ గుమ్మానికే వస్తారు. అప్పుడు మీ పదిహేడు చూపిస్తారా వాళ్ళకి?"

"అది నేనింకా ఆలోచించలేదు" అన్నాను. వాడు చేతులు దించుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, "నా రెండు పిల్లలూ ఇంకెవరికైనా ఇచ్చుకోండి. సంఘంలో మీ పేరు కింద ఇంక నేను సంతకం పెట్టలేను" అన్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి "అమ్మాయిని అడిగానని చెప్పండి" అన్నాడు. చెడ్డవాడు కాదు.

గుడ్డ మడిచాను. ఏడు తోకలూ ఉన్నాయి. మూడో రోజు కత్తిరింపు గడిలో ఏడుసార్లు "లేదు" అని రాశాను. చెయ్యి వణకదని నీకు రాశాను కదా. రెండో "లేదు" సరిగ్గా రాలేదు.

నీ మీద కోపం పోయిందని అనుకోకు. జాబితాలో నీ పేరు నేను కార్యదర్శి చేతిలో చూశాను. అది ఇంకా ఉంది. ఎప్పుడు పోతుందో చెప్పలేను.

ఇక జరగాల్సినవి:

1. ఏప్రిల్ 2న, అంటే విచారణకి రెండు రోజుల ముందు, నువ్వు రావాలి. నా ఇరవై తొమ్మిది వరసలూ నీ కళ్ళతో చూడాలి. నేను తప్పు కూడి ఉంటే విచారణకి ముందే చెప్పాలి, తర్వాత కాదు.

2. ముప్ఫై నాలుగో పేజీ నేనే చదువుతాను. నువ్వు ప్రశ్న అడగక్కర్లేదు. నేను చదివేటప్పుడు మధ్యలో ఆగితే ఆగనివ్వు. సాయానికి లేవకు.

3. "పదిహేడు అనుమానం" అనాలి. "తోక వల్ల పదిహేడు" అనకూడదు. మీ వైపు వాళ్ళు ఎవరైనా దాన్ని ఇరవై చేస్తే అక్కడికక్కడే నువ్వు దిద్దాలి, నేను దిద్దేదాకా ఆగకుండా.

4. జీడి మూలిగిన పదకొండు రోజులూ చెబుతాను. ఒక్క రోజు కూడా తగ్గించను. కళ్ళు పైకి తిప్పకుండా వినాలి.

5. ఈ పిల్లల్లో మూడు అడవి కాపలా వాళ్ళకి వెళ్తున్నాయి, తోకలతో. పని నుంచి రాగానే తోక ఎలా చూసుకోవాలి, చిన్న చీలిక కనబడితే ఏం చెయ్యాలి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వు. కింద నీ ఫోను నంబరు. ఏ కుక్కకైనా చీలితే, ఏ రోజైనా, నువ్వే వెళ్ళాలి. తోకలు ఉంచమన్నది నువ్వు.

6. నీ ఎనిమిదీ రిజిస్టరు వెనక అట్ట లోపలి పేజీలో రాయాలి. తేదీ, చోటు, గుర్తున్నంత. నీ చేత్తో. నేను రాయను. విచారణలో చెబుతావో లేదో అది నీ ఇష్టం.

7. ఒకటో అంశం కొట్టేశాను, ఏప్రిల్ 2 దాకా ఆగకు. ఉత్తరం మడవబోతూ సాయంత్రం అయిదు గంటల తూకం వేశాను. పసుపు దారం పిల్ల పొద్దుటికన్నా పన్నెండు గ్రాములు తగ్గింది. మధ్యాహ్నం సరిగ్గా తాగలేదు. తోక మీద గీత కూడా లేదు. ఆసుపత్రికి ఫోను చేస్తే నువ్వు ఏదో పొలంలో ఆవు దగ్గర ఉన్నావన్నారు. మేత బండి అటే వస్తోంది, డ్రైవరు చేతికి ఇది ఇస్తున్నాను. అతను తిరిగి ఇటే వస్తాడు, ఆ బండిలోనే ఎక్కు. కారణం గడి ఖాళీగా ఉంచాను. నువ్వు వచ్చి చూసేదాకా అందులో ఏమీ రాయను.